ఇంట్లో అందరూ ఒక్క మాట మీద ఉండరా?

మా లాబ్రడార్‌కి ఏడాది నిండింది. మనుషుల మీదికి ఎగబడే అలవాటు మాన్పించడానికి నానా తంటాలు పడుతున్నాను. పద్ధతి తేలికే. ఎగిరినప్పుడు పట్టించుకోకూడదు, నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే ముద్దు చేయాలి. ఇంట్లో ఎవరైనా వింటేగా! మావారు ఆఫీసు నుంచి రాగానే అది ముందుకాళ్లు రెండూ చొక్కా మీద వేస్తుంది, ఆయన "నా బంగారం" అంటూ హత్తుకుంటారు. మర్నాడు లిఫ్టు దగ్గర పక్కింటి పెద్దావిడ మీద అదే పని చేస్తే మాటలు పడేది నేను. ఆయన చొక్కాకీ, ఆవిడ పట్టుచీరకీ తేడా దానికెలా తెలుస్తుంది?

తిండి సంగతి మరీ ఘోరం. అత్తయ్య పెరుగన్నంలో నంజుకునే ఉల్లిపాయ ముక్క కూడా బల్ల కింద నుంచి దానికి అందిస్తారు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్‌తో కిడ్నీలే పాడవచ్చు. ఎన్నిసార్లు చెప్పినా "మా ఊళ్లో కుక్కలు అన్నీ తినే బతికాయమ్మా" అంటారు. దానికి వాంతులైతే రాత్రంతా టెన్షన్‌తో కూర్చునేది నేనే కదా.

పైగా మే నెలలో నాలుగింటికే "గోల చేస్తోంది, బయట తిప్పుకురా" అంటారు. ఆ తారురోడ్డు మీద మీ చెప్పులు విప్పి నడవండి ముందు!