లోపు అంటే ఎంత లోపు?

తెలుగులో అత్యంత ప్రమాదకరమైన మాట ఏదంటే నేను "లోపు" అంటాను. దసరా తరవాత మంగళవారం మా విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం కదా, నాలుగు చీరలు కొనాలి, ఆటోతో కలిపి ఐదువేల లోపే అవ్వాలని ఇంట్లో ఏకగ్రీవ తీర్మానం, నా అంతట నేనే పొంగిపోయి కాయితం మీద లెక్క కట్టేశాను. రానూపోనూ ఆటో 120 తీసేస్తే 4880, నాలుగుతో భాగిస్తే చీర 1220కి మించకూడదు. గంటస్తంభం దగ్గర షాపు బోర్డు మీదేమో "999 నుంచి" అని ఉంది, ఆ "నుంచి" చీమంత అక్షరాల్లో. అంటే నాకు 221 రూపాయల సందు ఉందన్నమాట, సరే చాలు.

మొదటి చీర 1850. "అత్తయ్యకి కదండీ, తక్కువది ఏం బాగుంటది" అంది మా ఆవిడ, న్యాయమే. నేను పక్కన బిల్లు వెనకాల మళ్ళీ కట్టాను, మిగిలిన మూడూ 1010 దాటకూడదు, 221 సందు కాస్తా 11 అయింది, అయినా ఆశ చావలేదు. రెండోది 1400. ఇక మిగతా రెండూ 815కి దొరకాలి, బోర్డేమో 999 దగ్గరే మొదలు! స్కూల్లో మాస్టారు శూన్యసమితి, అదే లోపల ఏమీ లేని గుంపు, అంటే ఖాళీ బ్రాకెట్టు గీసి చూపించేవారు, నాకు మాత్రం కౌంటర్ ముందు కుర్చీలో కూర్చుని టీ తాగుతుండగా అర్థమైంది.

ఈ "లోపు"కి లెక్కల్లో రాసే లెస్ దేన్ (<), దాని ఎదురు గ్రేటర్ దేన్ (>) గుర్తులు 1631లో అచ్చయిన ఇంగ్లండు లెక్కల పండితుడు థామస్ హారియట్ పుస్తకంలో మొదట కనపడ్డాయట, ఆయన పోయిన పదేళ్ళకి. పాపం పండగ షాపింగ్ బాధ ఆయనకేం తెలుసు.

ఆఖరికి "క్రెడిట్ కార్డు ఉందిగా" అన్నారు షాపువాళ్ళు. మైనస్‌తో గుణిస్తే లెస్ దేన్ గుర్తు తిరగబడుద్దని చిన్నప్పుడు బట్టీ పట్టాం, దాని అర్థం ఇదేనేమో, చేతిలో ఉంటే 5000 పెద్దది 3000 కంటే, అప్పయితే 5000 వాడే కింద.

ఇంటికెళ్ళాక అమ్మ చీర నిమిరి చూసి ఎంతైందే అని అడిగింది.

"వెయ్యి లోపేనత్తయ్యా" అంది మా ఆవిడ, నా వైపు చూడకుండా.