బీన్ వారి వ్యూస్కోప్డ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వ్యూస్కోప్డ్ గారికి,

ఉభయకుశలోపరి అని రాయడం మర్యాదే గానీ, ఇక్కడ కుశలం లేదు. ఫారం నింపి సేవ్ నొక్కితే డేటాబేసులో ఖాళీ వరుస పడుతోంది. తెర మీద మాత్రం ‘విజయవంతంగా సేవ్ అయింది’ అని ఆకుపచ్చ అక్షరాలు.

జావాలో వెబ్ పేజీలు కట్టే చట్రం జావా సర్వర్ ఫేసెస్ 2.0తో 2009లో, బీన్ (పేజీ డేటాను మోసే క్లాసు) నెత్తిన రాసే గుర్తుగా తమరు విచ్చేసినప్పుడు సంబరపడని జావా ప్రోగ్రామర్ లేడు. అంతకుముందు మా బతుకు రెండు స్కోపుల (డేటా ఎంతకాలం బతకాలో చెప్పే హద్దుల) మధ్య నలిగేది. రిక్వెస్ట్‌లో పెట్టిన డేటా ఒక్క క్లిక్కుకే మాయం. సెషన్‌లో పెడితే లాగౌట్ దాకా వదలదు. గుమస్తా రెండు ట్యాబుల్లో ఇద్దరు ఖాతాదారులను తెరిచి, మొదటి ట్యాబుకు తిరిగొచ్చి సేవ్ నొక్కాడో, ఒకరి చిరునామా మరొకరి ఖాతాకు అంటుకునేది. ఆ పేజీలో ఉన్నంతసేపూ డేటాను కాపాడతానని తమరు మాటిచ్చారు. నమ్మాం.

చిక్కంతా తమ ఇంటిపేరుతో, అంటే ప్యాకేజీ పేరుతో, వచ్చింది. 2013లో 2.2 వెర్షన్ వచ్చినప్పుడు సరిగ్గా తమ పేరే పెట్టుకుని మరొకరు పుట్టారు. తమరిది జావాఎక్స్ డాట్ ఫేసెస్ డాట్ బీన్ వారి ఇల్లు, వారిది జావాఎక్స్ డాట్ ఫేసెస్ డాట్ వ్యూ వారి ఇల్లు. క్లాసు నెత్తిన కనిపించేది పేరొక్కటే. ఇంటిపేరు ఎక్కడో పైన ఇంపోర్ట్ వరుసల్లో ఉంటుంది, ఎడిటర్ దాన్నీ మడిచి దాస్తుంది. పైగా పేరు టైపు చేస్తుంటే ఎడిటర్ చూపే సలహాల జాబితా అక్షరక్రమంలో వేస్తే తమరే ముందు నిలబడతారు.

నేమ్డ్ అని రాసిన క్లాసు బాగోగులు చూసేది సీడీఐ, అంటే బీన్లను పుట్టించి అందించే జావా వ్యవస్థ. అలాంటి క్లాసు మీద తమ పేరు రాసినా, సీడీఐకి తమరెవరో తెలియదు. అసలు స్కోపే రాయలేదనుకుని ఆ బీన్‌ను డిపెండెంట్ ఖాతాలో, అంటే అడిగినప్పుడల్లా కొత్తది పుట్టించే ఖాతాలో, వేసేస్తుంది. అప్పుడేం జరుగుతుందో, బీన్ పుట్టినప్పుడల్లా నడిచే కన్‌స్ట్రక్టర్‌లో ఒక వరుస ముద్రించి చూస్తే తెలుస్తుంది. పేజీలో ఉన్నవి పేరు గడి, ఫోను గడి, సేవ్ బటన్. ఒక్కసారి నొక్కితే లాగ్‌లో కన్‌స్ట్రక్టర్ మళ్లీ మళ్లీ, ప్రతిసారీ కొత్త గుర్తింపు అంకెతో, అంటే కొత్త హ్యాష్‌కోడ్‌తో. పేరు ఒక బీన్‌లోకి పోయింది, ఫోను నంబరు ఇంకో బీన్‌లోకి, సేవ్ ఏమో మూడో బీన్ మీద నడిచింది. ఆ మూడో అమాయకురాలు తనలో ఉన్న ఖాళీ విలువలను, అంటే నల్‌లను ఒక్కటీ దాచుకోకుండా డేటాబేసుకు అప్పగించింది.

ఇంత జరిగినా తమ నోట ఒక్క మాట లేదు. తమ ఇంట్లోనే ఉండే మేనేజ్డ్‌ప్రాపర్టీ గారు ఎంతో నయం. సెషన్ బీన్‌లోకి రిక్వెస్ట్ బీన్‌ను ఎక్కించబోతే, దీని ఆయుష్షు దానికంటే తక్కువ, కుదరదని ముఖం మీదే చెప్తారు. ఆ చీవాట్ల విలువ తమ మౌనం చూశాకే తెలిసింది. అవతలి ఇంటి వ్యూస్కోప్డ్ గారూ పట్టింపు మనిషే. బీన్‌కు ‘భద్రపరచి మళ్లీ తెరవొచ్చు’ అనే అర్థమున్న సీరియలైజబుల్ అని రాయకపోతే సర్వర్‌లో అప్లికేషన్‌ను లేవనివ్వరు.

తమరు నోరు మెదపకపోవడంతో నిందలన్నీ పరాయివాళ్లు మోస్తున్నారు. మొదట బ్రౌజర్ క్యాష్‌ను తిడతాం, తర్వాత ఏజాక్స్‌ను, ఆ పైన పాపం డేటాబేసు అడ్మిన్‌ను. చివరికి ఎవరో విసిగిపోయి సెషన్‌స్కోప్డ్ అని మార్చేస్తారు. పని చేస్తుంది. టికెట్ మూసేస్తారు. రెండు ట్యాబుల గుమస్తా మాత్రం ఎక్కడికీ పోలేదు.

2017లో 2.3 వచ్చినప్పుడు తమ ఇంటికి ‘వాడవద్దు’ అని బోర్డు తగిలించారు. 2022లో ఫేసెస్ 4.0 ఆ ఇల్లే కూల్చేసింది. ఇప్పుడక్కడ తమ పాత ఇంపోర్ట్ రాస్తే కంపైలరే గొడవ చేస్తుంది. బతికున్నన్నాళ్లూ అనని మాట పోయాక అనిపించారు, సంతోషం. మా ప్రాజెక్టు మాత్రం ఇంకా జావా 8 మీదే ఉంది. అప్‌గ్రేడ్ ఎప్పుడని అడిగితే పైవారు ‘నడుస్తోంది కదా’ అంటున్నారు.

అందుకని బిల్డ్‌లోనే కాపలా పెట్టాం. తమ ఇంటిపేరు ఏ ఫైల్లో కనిపించినా బిల్డ్ అక్కడే ఆగిపోతుంది, ఆ ఫైలు పేరు ఎర్రటి అక్షరాల్లో పడుతుంది. తమ తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

ఇట్లు,
వ్యూ వారింటి ఇంపోర్ట్ మాత్రమే వాడే
తమ మాజీ విధేయుడు