అది నేను కాదమ్మా, యాప్

మా ఆఫీసులో నేను మహా మర్యాదస్తుడినని ఈమధ్య పేరొచ్చింది. ఎవరి పుట్టినరోజైనా సరే, ఉదయం తొమ్మిదికల్లా ఆఫీసు చాట్‌లో నా ఫొటో పక్కన శుభాకాంక్షలు, వెనకే మూడు బెలూన్లు. ఆ సమయానికి నేను మాదాపూర్ ట్రాఫిక్‌లో పక్క కారువాడికి శాపనార్థాలు పెడుతూ ఉంటాను.

ఈ పుణ్యం సెలవులు, పుట్టినరోజులు చూసే ఒక యాప్‌ది. చాట్‌కు కలిపిన రోజే ‘మీ తరఫున సందేశాలు పంపవచ్చా?’ అని అడిగింది. ఒప్పుకోకపోతే సెలవుకు దరఖాస్తు చేయడం కుదరదు. పీటల మీద కూర్చోబెట్టి పెళ్లి ఇష్టమేనా అన్నట్టు.

మా ఆఫీసు చాట్ పేరు స్లాక్. అందులో ఇందుకు రెండు రకాల టోకెన్లు, అంటే యాప్ చేతికిచ్చే తాళంచెవులున్నాయి. ఎక్స్‌ఓఎక్స్‌బీ అని మొదలయ్యేది బాట్‌ది, అంటే మనిషి కాని ప్రోగ్రాముది. దాంతో పంపితే పేరు పక్కన ‘యాప్’ అని చిన్న ముద్ర పడుతుంది. ఎక్స్‌ఓఎక్స్‌పీ అని మొదలయ్యేది మనిషిది. దాంతో పంపితే మనిషి పేరు, మనిషి ముఖం. సేల్స్‌ఫోర్స్ అనే కంపెనీ 2021లో స్లాక్‌ను దాదాపు 2,770 కోట్ల డాలర్లకు కొన్నది. ముఖాలు మాత్రం మనం ఉచితంగానే ఇస్తున్నాం.

మొన్న ఒక శుక్రవారం రాత్రి అకౌంట్స్ పెద్దాయన యాప్ ‘మీ సహకారం మరువలేనిది’ అంది. నా యాప్ ఊరుకుంటుందా? ‘మీతో పనిచేయడం నా అదృష్టం’ అంది. దానికి ఆయన చప్పట్లు. చప్పట్లకు నా నమస్కారం. నమస్కారానికి ఆయన ధన్యవాదాలు, ధన్యవాదాలకు నా హృదయం గుర్తు. తెల్లవారేసరికి ఒకరికొకరం వీరాభిమానులం. నా ట్యాక్సీ బిల్లు తిరగ్గొట్టిన నాటి నుంచి ఆయనకూ నాకూ మాటల్లేవు. సోమవారం లిఫ్టులో ఎదురుపడి ఇద్దరం అంతస్తుల అంకెలు చదువుకున్నాం. హెచ్ఆర్ వారు మాత్రం ‘ఆదర్శ సహోద్యోగులు’ అని మా ఫొటోలు పెట్టారు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. రాత్రి పదకొండింటికి మా మేనేజరు యాప్ కొత్తగా చేరిన అమ్మాయికి ‘రిపోర్టు కోసం ఎదురుచూస్తున్నాను’ అని పంపింది. ఎదురుచూస్తున్న పెద్దమనిషి అప్పటికే గుర్రుపెడుతున్నాడు. ఆ అమ్మాయి హాస్టల్ గదిలో, పక్క మంచానికి వెలుతురు తగలకుండా ల్యాప్‌టాప్‌తో సహా దుప్పటి కప్పుకుని, రెండింటిదాకా రాసింది. మర్నాడు ఆయన అన్నది: ‘అయ్యో, అది నేను కాదమ్మా, యాప్.’

సిగ్గుండాలి! నీ పేరు, నీ హోదా చూసి ఒక పిల్ల నిద్ర మానుకుంటే అది నువ్వే. జవాబు చెప్పవలసి వచ్చేసరికి యాపా? అదే రిపోర్టును పదింటి మీటింగులో చూపించి మెప్పు పొందింది యాప్ కాదే!

ఆ అమ్మాయికి జీతం పెంచమని ఆయన పేరుతో పైవారికి సందేశం వెళ్లే ఏర్పాటు ఉందేమోనని సెట్టింగులన్నీ వెతికాను. ఖరీదైన ప్లానులోనూ లేదు.