ఈజీఆర్‌కు రేకు వేయించకండి

మూడు వారాల క్రితం నా పాత డీజిల్ కారుకు పికప్ తగ్గింది, ఇంజన్ లైటు వెలిగింది. షెడ్డుకు తీసుకువెళ్తే మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, "ఈజీఆర్ వాల్వుకు మసి పట్టింది సార్. రేకు ముక్క పెట్టి మూసేద్దాం, మళ్లీ ఈ బాధే ఉండదు" అన్నాడు. ఈజీఆర్ అంటే కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు. వద్దు, విప్పి శుభ్రం చేయమన్నాను. "అందరూ మూయించుకుంటున్నారు సార్" అని ఆశ్చర్యపోయాడు. ఆ "అందరూ" అన్న మాట నన్ను ఇంకా వదలలేదు.

వాల్వు విప్పాక చూశాను. లోపల తారు పూసినట్టు నల్లటి జిగురు. పొగలోని మసీ ఇంజన్ నూనె ఆవిరీ కలిసి అలా గడ్డకడతాయి. రోజూ నాలుగు కిలోమీటర్లు, సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగుతూ తిరిగే బండికి ఇది త్వరగా వస్తుంది. విసిగిపోయి మూయించుకున్నవారి బాధ నాకు తెలియనిది కాదు.

కానీ ఆ వాల్వు అక్కడ ఊరికే లేదు. సిలిండర్‌లో మంట మరీ వేడెక్కితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. కాలిన పొగలో కొంత మళ్లీ లోపలికి పంపితే ఆ వేడి తగ్గుతుంది, ఆ విషమూ తగ్గుతుంది. రేకు పెట్టిన క్షణం నుంచి అదంతా సైలెన్సర్‌లోంచి వీధిలోకి వస్తుంది. సిగ్నల్ దగ్గర మన వెనక ఆగిన స్కూటర్ మీద ముందు నిలబడిన పిల్లవాడు దాన్నే పీలుస్తాడు. ఆస్తమా ఉన్న పిల్లలకు అది ఎంత చేటో ఏ డాక్టరునైనా అడగండి. ఎండలో దాని వల్లే ఓజోన్ కూడా పుడుతుంది.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది పొల్యూషన్ సర్టిఫికెట్. డీజిల్ కారుకు చేసే ఆ పరీక్షలో పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తారు, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. ఈజీఆర్ మూస్తే మసి తగ్గుతుంది కాబట్టి ఆ కారు ఇంకా సులువుగా పాసవుతుంది! బీఎస్-4 (ప్రభుత్వం పెట్టిన కాలుష్య ప్రమాణం) డీజిల్ కార్లకు కిలోమీటరుకు 0.25 గ్రాములుగా ఉన్న నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితిని 2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్-6 0.08కి దించింది. రోడ్డెక్కాక అడిగే నాథుడే లేకపోతే ఆ అంకె ఎవరి కోసం? పరీక్షలో ఒకలా, రోడ్డు మీద ఒకలా నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టినందుకు 2015లో ఫోక్స్‌వాగన్‌ను ప్రపంచమంతా నిలదీసింది. మనం షెడ్డులో చేయించుకుంటున్నది దానికి భిన్నమైనదేమీ కాదు.

వాల్వు శుభ్రం చేయడానికి ఒక పూట పట్టింది. పికప్ తిరిగి వచ్చింది, లైటు ఆరింది. అప్పుడప్పుడూ హైవే మీద ఓ గంట ఆగకుండా నడిపితే మసి ఇంత త్వరగా పట్టదని ఆ మెకానికే చెప్పాడు. ఇప్పటికే రేకు వేయించుకున్నవారు ఈసారి సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు దాన్ని తీయించేయండి. వాల్వు ఒకసారి కడిగించండి.