చీర మీద నుంచే లేజర్

మన చేనేత చీరలకు ఇన్నాళ్లూ ఎవరూ గుర్తించని గుణం ఒకటి ఉంది. వాటి గుండా లేజర్ కాంతి ఏ ఆటంకమూ లేకుండా దూసుకుపోతుంది. ఈ సంగతి ఏ ఐఐటీలోనూ తేలలేదు. ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో, మోకాళ్ల నొప్పికి లేజర్ పెట్టించుకోవడానికి మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చున్న మా పిన్ని మోకాళ్ల మీద తేలింది. పిన్ని ఆ రోజు గద్వాల చీర కట్టుకుంది, అటునుంచి అటే పెళ్లికి వెళ్లాలి. "చీర కొంచెం పైకి జరపనా అమ్మా?" అని తనే అడిగింది. చేతిలో లేజర్ పట్టుకున్న అమ్మాయి "అక్కర్లేదాంటీ, లేజర్ కదా, లోపలికి వెళ్లిపోద్ది" అంది.

ప్రభుత్వం దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఏ చీర గుండా ఎంత కాంతి పోతుందో చేనేత శాఖ వెంటనే ఒక పట్టిక విడుదల చేయాలి. వెంకటగిరి పల్చన కాబట్టి అది కట్టేవాళ్లకు పది సిట్టింగులు చాలు. ధర్మవరం పట్టు అయితే ఇరవై. గద్వాల కాస్త చిక్కే. ఒళ్లంతా నూలు, అంచు పట్టు. మోకాలి మీదికి కుచ్చిళ్లు వచ్చాయంటే మడతకింత అని అదనంగా వసూలు చేయాల్సిందే. కంచి అంచు జరీ మీద పడిన కాంతి వెనక్కి మళ్లి ఆ అమ్మాయి మోకాళ్లకే వైద్యం చేసినా చేస్తుంది. పంచె కట్టుకొచ్చిన పెద్దవాళ్లకు రాయితీ ఉండాలి. జీన్స్ వేసుకొచ్చే కుర్రాళ్లను గుమ్మంలోనే ఆపేయాలి.

ఈ వైద్యం నేర్చుకునేవాళ్లకు మొదట్లోనే చెప్పే పాఠం ఒకటుంది. బట్ట తొలగించాలి, చర్మం శుభ్రంగా ఉండాలి, ప్రోబ్‌ను, అంటే కాంతి బయటికొచ్చే మొనను, నిటారుగా చర్మానికి ఆనించాలి. ఆనించకపోతే కాంతిలో కొంత చర్మం మీద నుంచే వెనక్కి పోతుంది. లోపలికి వెళ్లినదాంట్లో కూడా చాలా భాగం దారిలోనే ఖర్చయిపోతుంది, కీలు దాకా చేరేది చిటికెడు. ఆ చిటికెడులోంచి కుచ్చిళ్ల వాటా మీరే తీసేసుకోండి.

ఇక ఆ గది. ఏసీ, మసక వెలుతురు, గోడ మీద నిప్పు కణికలా మెరుస్తున్న మోకాలి బొమ్మ. తలుపు మీద పసుపు త్రికోణంలో ప్రమాద హెచ్చరిక. హెచ్చరిక ఉత్తినే పెట్టింది కాదు. ఈ రకం లేజర్లు చాలావరకు 3బి తరగతివి, అంటే 500 మిల్లీవాట్ల లోపువి. చర్మాన్ని కాల్చవు గానీ కంట్లో పడితే ముప్పే. పైగా పని చేసే కాంతి చాలా మిషన్లలో 808, 904 నానోమీటర్ల లాంటి పరారుణ కాంతి, మన కంటికి కనిపించదు. కనిపించదు కాబట్టి రెప్ప దానంతటది మూసుకోదు. అందుకే గదిలో ఉన్న అందరూ దానికి తగ్గ కళ్లద్దాలు పెట్టుకోవాలి. అక్కడ ఉన్నవి రెండు జతలు. ఒకటి పిన్నికి పెట్టారు. రెండోది ఆ అమ్మాయి నుదుటి మీద ఉంది, జుట్టు ముఖం మీద పడకుండా. మరి నేనో అంటే "సార్, మీరు అటు తిరగండి" అంది. తిరిగాను.

తిరగబట్టే ఒక మహత్తరమైన చికిత్సను కళ్లారా చూసే భాగ్యం కలిగింది. పక్క మంచం మీద ఒక పెద్దాయన. లేజర్‌ను స్టాండుకు బిగించి, ఆయన మోకాలికి గురిపెట్టి, పది నిమిషాలకు టైమర్ పెట్టి ఎటో వెళ్లిపోయారు. ఏసీ చల్లదనానికి ఆయనకు కునుకు పట్టింది. కాలు మెల్లగా పక్కకు జారింది. ఎర్ర చుక్క మోకాలిని వదిలి, దాని కింద పెట్టిన దిండు మీద స్థిరపడింది. అలా మిగతా సిట్టింగంతా దిండుకే అందింది. మిషన్ బీప్‌మనగానే ఒకబ్బాయి వచ్చి, కార్డులో టిక్కు పెట్టి, "ఎలా ఉందంకుల్?" అన్నాడు. "కొంచెం తేలిగ్గానే ఉంది బాబూ" అన్నాడాయన.

దిండుకూ తేలిగ్గానే ఉండి ఉంటుంది. పాపం ఎన్నాళ్ల నుంచి ఎందరి కాళ్లు మోస్తోందో. మధ్యలో దూది అరిగిపోయింది, పొద్దున లేవగానే బిగుసుకుపోయి ఉంటుంది, ఒక పక్కకు వాలింది, అన్నీ మోకాలి లక్షణాలే. ఇంకో నాలుగు సిట్టింగులు ఇలాగే పడితే లోపల కొత్త దూది పుట్టుకొస్తుందని, దూదేకేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లే అవసరమే రాదని నా గట్టి నమ్మకం. పెద్ద ఫిజియో గారు రౌండ్లకు వచ్చినప్పుడు దాన్ని నాలుగు వైపులా వంచి "మూవ్‌మెంట్ బాగా వచ్చింది, కంటిన్యూ చేయండి" అంటే నేను ఆశ్చర్యపోను. చికిత్సకు ముందు, తర్వాత ఫొటోలు తీసి క్లినిక్ ముందు ఫ్లెక్సీ కట్టొచ్చు. నోరు లేని పేషెంటు కాబట్టి రిఫండ్ కూడా అడగదు.

పెద్దాయనను నేను వెక్కిరించడం లేదు. ఎవరైనా మనల్ని చల్లని గదిలో పడుకోబెట్టి, పేరు పెట్టి పలకరిస్తే నొప్పి కాసేపు తగ్గినట్టే ఉంటుంది. పరారుణ లేజర్లలో ఆ ఎర్ర చుక్క కూడా మందు కాదు. గురి చూసుకోవడానికి పెట్టిన దీపం, అంతే. అసలు లేజర్ వెలుగుతోందో లేదో పడుకున్నవాళ్లకు తెలిసే దారి లేదు. అందుకే పరిశోధనల్లో కొందరికి నిజం లేజర్, కొందరికి ఉత్తుత్తి లేజర్ పెట్టి పోల్చి చూడడం తేలిక. మన దగ్గర ఆ రెండో గుంపులో జనాన్ని చేర్చుకోవడానికి పరిశోధన కూడా అక్కర్లేదు.

"ఎన్ని జౌల్స్ ఇస్తున్నారమ్మా?" అని అడిగాను. జౌల్స్ అంటే ఇచ్చే కాంతి శక్తికి కొలత, డోసన్నమాట. "పది నిమిషాలు సార్" అంది. అది టైము కదా అన్నాను. "మిషన్‌లో మోకాలి బొమ్మ ఉంటది సార్, నొక్కితే అదే సెట్ అయిపోద్ది." ఇదేమీ పెద్ద లెక్క కాదు. 100 మిల్లీవాట్ల లేజర్‌ను ఒకచోట 40 సెకన్లు ఉంచితే 4 జౌల్స్. తక్కువైతే ఫలితం ఉండదు, ఎక్కువైతే ఉన్న ఫలితం కూడా పోవచ్చు. మందుల చీటీలో మిల్లీగ్రాములు రాయకుండా "గుప్పెడు మింగండి" అనే డాక్టర్ని మనం నమ్మం. ఇక్కడ మాత్రం పక్కింటావిడకు పదిహేను నిమిషాలు పెట్టారని తెలిసి, మాకూ ఇంకో ఐదు నిమిషాలు పెట్టమని బతిమాలతాం.

ఈ వైద్యానికి పుట్టిల్లు బుడాపెస్ట్. 1967లో ఎండ్రే మెస్టర్ అనే సర్జన్ లేజర్‌తో ఎలుకల్లో కణితులు కరిగిద్దామనుకున్నాడు. అమెరికాలో ఎవరో చేశారని విని, తానూ రూబీ లేజర్ పట్టుకున్నాడు. ఆయన దగ్గరున్నది బాగా బలహీనమైన మిషన్. కణితులు కదల్లేదు గానీ, వీపు గొరిగిన చోట వెంట్రుకలు మాత్రం తొందరగా మొలిచాయి. ఆ పరిశీలన నిజాయితీగా చేసింది, గాయాల మీద ఆయన తర్వాత చేసిన పని కూడా అలాంటిదే. అయితే ఎలుక వీపు నుంచి పిన్ని మోకాలి దాకా వచ్చేసరికి ఆ కాంతి నడుము నొప్పి, మెడ నొప్పి, మడమ శూల, సయాటికా, పక్షవాతం, అన్నింటినీ నయం చేయడం నేర్చుకుంది. వెంట్రుకల సంగతి ఒక్కటే క్లినిక్ బోర్డు మీద లేదు. మా బాబాయి అది చదివి బాగా నిరాశపడ్డాడు.

బోర్డు మీద ఉన్నది ఇంకొకటి: "అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం." ఎఫ్‌డీఏ అంటే అక్కడ మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే సంస్థ. అక్కడ ఇలాంటి మిషన్లలో చాలావాటిని వేడి కాపడం పెట్టే పాత ఇన్‌ఫ్రారెడ్ దీపాల కోవలో చేర్చి అమ్ముకోనిచ్చారు. మోకాలిలో గుజ్జు పెంచుతుందని ఆ సంస్థ ఎవరికీ రాసివ్వలేదు. మన బోర్డు రాసిన ఆర్టిస్టుకు ఇంత చోటు సరిపోలేదేమో.

లేజర్ మొత్తం మోసమనడం కూడా అబద్ధమే. తలకు, మెడకు రేడియేషన్ తీసుకునే క్యాన్సర్ రోగులకు నోరంతా పుండ్లు పడతాయి, మంచినీళ్లు కూడా దిగవు. ఆ పుండ్లు రాకుండా లేజర్ వాడమని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. మన మణిపాల్‌లో హీలియం-నియాన్ లేజర్‌తో చేసిన ట్రయల్ ఫలితాలు 2012లో అచ్చయ్యాయి, బాగున్నాయి. అక్కడ డోసు కొలిచి ఇచ్చారు, దిండ్లకు ఇవ్వలేదు. పాత మెడ నొప్పికి కొంత మేలు ఉందని 2009లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. మోకాళ్ల మీదే ఇంకా జగడం. సరైన తరంగం, సరైన డోసు అయితే నొప్పి తగ్గుతుందని 2019లో బీఎంజే ఓపెన్ అనే ఇంకో వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ అంటే, అరుగుదలకు లేజర్ పెట్టొద్దు, ఆధారాలు చాలవని 2022లో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ తేల్చేసింది. రెండు పక్షాలూ గట్టివే. అయితే అరిగిన గుజ్జు మళ్లీ మొలుస్తుందని ఆ రెండింటిలో ఎవరూ అనలేదు. అన్నది మన ఫ్లెక్సీ ఒక్కటే.

ఆ నైస్ సంస్థే మోకాలి అరుగుదల ఉన్న ప్రతి ఒక్కరికీ ఇవ్వమన్నది ఏమిటో తెలుసా? వ్యాయామం. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద బరువు తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని కాలు చాపి కాసేపు నిలపడం, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవడం లాంటివి. వీటికి ఏసీ అక్కర్లేదు, కళ్లద్దాలు అక్కర్లేదు, చీర ఏదైనా ఫర్వాలేదు. కావలసింది ఒకే ఒకటి, పక్కన కూర్చుని నేర్పే మనిషి. పిన్నికి ఇచ్చింది జిరాక్స్ కాగితం. అందులో నిక్కరేసుకున్న తెల్లవాడెవడో నేల మీద చాప పరుచుకుని కాళ్లు ఎత్తుతున్నాడు. పిన్ని నేల మీద కూర్చుని ఐదేళ్లయింది.

నాలుగున్నరేళ్లు చదివి వచ్చిన ఫిజియో పిల్లలకు ఇవన్నీ బాగా తెలుసు. తెలిసీ ప్రోబ్ పట్టుకుని నిలబడతారు, ఎందుకంటే ఓనరు గారు మిషన్ అప్పు చేసి కొన్నాడు. ఒక మనిషి అరగంట కూర్చుని ఒక రోగికి నడక నేర్పితే వచ్చేది ఒక బిల్లు. అదే అరగంటలో మూడు మంచాల మీద లేజర్ పెట్టి టిక్కులు కొడితే వచ్చేవి మూడు. ఆ గదిలో వైద్యం జరిగేది ఈఎంఐకి.

మోకాళ్లయితే ఆగుతాయి. చివరి మంచం మీద ఒక తాపీమేస్త్రి ఉన్నాడు. పక్షవాతం వచ్చి నెల దాటింది, కుడి చెయ్యి పడిపోయింది. ఆ చేతి మీద లేజర్ పెడుతున్నారు, మూడు వారాలుగా అదొక్కటే పెడుతున్నారు. "ఫస్ట్ నరాలు యాక్టివేట్ అవ్వాలి, తర్వాత ఎక్సర్‌సైజులు" అని చెప్పారట భార్యకు. ఎవడు చెప్పాడు ఇది? పక్షవాతం తర్వాత మొదటి మూడు నెలల్లోనే మెదడు ఎక్కువగా కోలుకునేది. ఆ రోజుల్లో ఆ చేత్తో గ్లాసు పట్టించాలి, జారిపోతే మళ్లీ పట్టించాలి, వందసార్లు, వెయ్యిసార్లు, చిరాకు పుట్టేదాకా. ఆ రోజులు పోతే పోయినట్టే, ఏ ప్యాకేజీ కట్టినా తిరిగి రావు. మీకు అతనితో కూర్చునే ఓపిక లేకపోతే లేదని చెప్పండి, ఇంకెక్కడికైనా పోతాడు. తాపీ పట్టి ఇల్లు నడిపిన చేతిని ఎర్ర దీపం కింద పడుకోబెట్టి, వాళ్ల కమ్మలు తాకట్టు పెట్టిన డబ్బుకు రోజూ టిక్కు కొట్టడానికి మీకు సిగ్గు లేదా?

మేస్త్రి భార్య ఆ రోజు కౌంటర్ దగ్గర నిలబడింది. ప్రభుత్వాసుపత్రిలో ఎక్సర్‌సైజులు చేయిస్తారని ఎవరో చెప్పారు, అక్కడికి తీసుకుపోతాను, మిగిలిన సిట్టింగుల డబ్బులు ఇచ్చేయమని అడిగింది. కౌంటర్లో కుర్రాడు కంప్యూటర్లోంచి తల ఎత్తకుండా చెప్పాడు: "రిఫండ్ ఉండదమ్మా. ట్రాన్స్‌ఫర్ ఉంది. మీ ఇంట్లో ఇంకెవరికి పక్షవాతం వచ్చినా వాడుకోవచ్చు, ఏడాది దాకా వ్యాలిడిటీ."