సగంలో ఉన్నప్పుడే చెప్పుకోవాలి
పుస్తకం పూర్తిచేశాకే దాని గురించి నలుగురికీ చెప్పాలి, మధ్యలో చెప్పడం ఆర్భాటమే అన్న మాటతో నేను ఏకీభవించలేను. పూర్తయ్యాక చెప్పేది అభిప్రాయం. చదువుతూ చెప్పేది సాయం అడగడం లాంటిది. ఇప్పుడు ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ చదువుతున్నాను. 1922లో వచ్చిన నవల, అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించినది. హైదరాబాదులో పెరిగిన నాకు అందులోని గుంటూరు పల్లె మాట, పాలేళ్ల కూలి లెక్కలు సగం అర్థం కాలేదు. రెండుసార్లు పక్కన పెట్టేశాను. మూడోసారి మొదలుపెట్టి, ఫలానాది చదువుతున్నానని ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో రాస్తే, తెనాలి దగ్గరుండే మా పెదనాన్న ఆ రాత్రే ఫోన్ చేశారు. కుంచం అంటే ఎంతో, కళ్లంలో గింజలు కొలిచి కూలి ఎలా ఇచ్చేవారో గంటసేపు చెప్పారు. వాళ్ల నాన్న పాలేరుగా చేశారట. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు. నవలలో రామదాసు కొడుకు సంగదాసు చనిపోయే ఘట్టం దాటాక మళ్లీ ఆయనకే ఫోన్ చేశాను, ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాం. చివరి పేజీ దాకా ఆగి ఉంటే ఆ పుస్తకం నా దగ్గర మూడోసారీ మూలనే పడి ఉండేది.