రెండు లారీల వడ్లను పోల్చి దాన్ని పరీక్ష అనకండి

మిర్యాలగూడలో నేను పనిచేసే, వడ్లను నానబెట్టి ఆవిరిపై ఉడికించి ఆడించే బాయిల్డ్ రైస్ మిల్లులో ఈ రోజు తీసుకున్న నిర్ణయంపై నా కోపం ఇంకా చల్లారలేదు. నిన్న ఒక ఊరి వడ్లను పాత పద్ధతిలో నానబెట్టారు. ఈ రోజు మరో ఊరి నుంచి వచ్చిన వడ్లను నీటి వేడి పెంచి నానబెట్టారు. నూకలు ఎక్కువ వచ్చేసరికి, వేడి పెంచడమే తప్పని తేల్చేశారు. వడ్లు మారాయి, వాటి తేమ మారింది, డ్రయ్యర్ దగ్గర షిఫ్టు కూడా మారింది. వీటిలో ఏది కారణమో ఆ లెక్కను బట్టి ఎవరూ చెప్పలేరు.

పైగా ‘ఒకసారికి ఒక్కటే మార్చాలి’ అన్నది మా వాళ్లకు వేదవాక్కు. వినడానికి సబబుగా ఉండే ఆ పద్ధతే మా కొంప ముంచుతోంది. నానే సమయం తగ్గించకుండా వేడి ఒక్కటే పెంచితే పొట్టు పగిలి గింజ చెడుతుంది. వేడి పెంచకుండా సమయం ఒక్కటే తగ్గిస్తే, ఉడికిన గింజను గోటితో చీల్చి చూసినప్పుడు నడుమ తెల్లటి మచ్చ మిగిలే ఉంటుంది. రెండూ పనికిరావని రిజిస్టర్‌లో రాసేస్తారు. వేడి పెంచి, సమయం తగ్గించి ఒక్క ట్యాంకైనా వేసి చూడరు. మేలైన బియ్యం అక్కడే రావచ్చు.

వేడి, సమయం, ఆవిరి అనే మూడింటికీ తక్కువ, ఎక్కువ అని రెండేసి స్థాయిలు పెట్టుకుంటే, అన్ని కలయికలకూ ఎనిమిది బ్యాచ్‌లు అవుతాయి. ఒకే లాటు వడ్లను పంచి, ఏది ముందో చీటీలు తీసి వేస్తే, ఆ ఎనిమిదీ మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతాయి, ఒకదాని ప్రభావం మరొకదానిపై ఎలా ఉందో కూడా చూపుతాయి. గణాంక శాస్త్రవేత్త ఫిషర్ దీనిపై 1935లోనే పుస్తకం రాశారు. బ్యాచ్‌లు ఇంకా తగ్గించుకునేలా, ఏయే కలయికలు వేస్తే చాలో చూపే ఆర్థోగోనల్ అర్రేలు అనే పట్టికలను 1940లలో రూపొందించిన సి.ఆర్. రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగువారు. అయినా మన మిల్లుల్లో తీరిక లేదన్న జవాబే వినిపిస్తుంది.

అన్నిటికన్నా నా కడుపు మండేది యాసంగిలో. సంచి పైనుంచి రెండు పిడికిళ్ల వడ్లు తీసి ఆడించి, ఆ ఊరి వడ్లన్నీ నూకే అవుతాయని ముద్ర వేసి తరుగు పెంచుతారు. లారీ అడుగున ఉన్న సంచి విప్పరు, రెండోసారి ఆడించరు, ముందు ఆడించిన వడ్ల తేమతో పోల్చరు. కల్లం దగ్గర రాత్రంతా కాపలా కాసిన రైతు ఆ కోతను భరించాలి. సరిగ్గా పరీక్షించడం చేతకాకపోతే మానేయండి, ఆ పేరు చెప్పి రైతు తూకంలో ఒక్క కిలో కూడా కోయకండి.